ఆఖరి పంక్తిలో కూర్చున్నవాళ్లకు

మా టైలరు షాపు హైదరాబాద్ కొత్తపేటలో ఒక మేడ మెట్ల కింద ఉంటుంది. కుట్టుమిషను, ఇస్త్రీ బల్ల, ఆయన కూర్చునే స్టూలు, అంతే చోటు. జాకెట్టుకి పక్క కుట్లు మూడు వరసలు వేసి, లోపల రెండు వేళ్ల వెడల్పు గుడ్డ వదిలిపెట్టడం ఆయన అలవాటు. "ఇప్పుడు అవసరం లేదక్కా, తర్వాత పనికొస్తది" అంటాడు. నాకు నలభై ఏడు నడుస్తున్నప్పుడు ఆ తర్వాత రానే వచ్చింది. ఒకే ఏడాదిలో రెండు వరసలు విప్పించాను. చిత్రమేమిటంటే ఇంట్లో బరువు మిషను మీద నా అంకె రెండు కిలోలు కూడా పెరగలేదు. టేపు తప్పా, మిషను తప్పా అని ఆ మెట్ల కిందే వాదన పెట్టుకున్నాను.

రెండూ తప్పు కాదు. బరువు మిషనుకు కండ, కొవ్వు రెండూ ఒకటే. కిలో కండ కరిగి ఆ జాగాలో కిలో కొవ్వు చేరితే ముల్లు కదలదు, జాకెట్టు మాత్రం పట్టదు. అమెరికాలో 1990లలో స్వాన్ అనే అధ్యయనం మొదలైంది. నడివయసు స్త్రీలు 3,302 మందిని ఏళ్ల తరబడి వెంబడించి చూశారు. మెనోపాజ్ వచ్చిందని, అంటే నెలసరి ఆగిపోయిందని, బరువు ఒక్కసారిగా ఎగబాకడం వాళ్లకు కనబడలేదు. బరువు వయసుతోపాటు ఏటా కొంచెం కొంచెంగా పెరుగుతూనే వచ్చింది. కానీ ఆఖరి నెలసరికి రెండేళ్ల ముందు నుంచి కొవ్వు చేరే వేగం సుమారు రెట్టింపయింది, కండ తరగడం మొదలైంది. ఆఖరి నెలసరి దాటిన రెండేళ్లకు గాని ఆ మార్పు నెమ్మదించలేదు. ఆ స్త్రీలలో తెల్లవాళ్లు, నల్లవాళ్లు, హిస్పానిక్, చైనా, జపాన్ మూలాలవాళ్లు ఉన్నారు. మనవాళ్లు ఒక వర్గంగా లేరు, ఆ లోటు అలాగే ఉంది. అయినా మా టైలరు టేపు చెప్పినదానికీ వాళ్లు చెప్పినదానికీ తేడా ఏమీ లేదు.

ఈస్ట్రోజెన్ హార్మోను ఉన్నంతకాలం మన కొవ్వు ఎక్కువగా తుంటి మీదా తొడల మీదా సర్దుకుంటుంది. అది తగ్గేకొద్దీ పొట్టలోకి, పేగుల చుట్టూ, కాలేయం చుట్టూ చేరుతుంది. షుగరు, బీపీ, ఫ్యాటీ లివరు పొంచి ఉండేది అక్కడే. పన్నెండు నెలలపాటు నెలసరి రాకపోతే మెనోపాజ్ వచ్చినట్టు లెక్క. పాశ్చాత్య దేశాల్లో ఇది సగటున 51కి వస్తే మన దేశంలో 46, 47కే వచ్చేస్తోంది. అంటే మార్పు మొదలయ్యేది నలభై దాటిన కొద్ది ఏళ్లకే. పిల్లాడికి ఇంటర్ కాలేజీ వెతుకుతూ దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ల చుట్టూ తిరిగే వయసది. మన ఒంటి సంగతి ఎవరికి గుర్తుంటుంది?

కాబట్టి మొదటి పని, ఇంట్లో ఒక టైలరు టేపు పెట్టుకోవడం. లంగా బొందు కట్టుకునే చోటు నడుం కాదు. చీర కట్టేవాళ్లం అందరం ఆ గీతనే నడుం అనుకుంటాం, అది బొడ్డు కిందకి ఉంటుంది. పక్కటెముకల్లో ఆఖరిదీ తుంటి ఎముకా చేత్తో తడిమి చూసుకుని ఆ రెంటికీ మధ్యన, గుడ్డ మీద కాకుండా ఒంటి మీదే టేపు చుట్టాలి. గాలి మామూలుగా వదిలి, పొట్ట లోపలికి లాక్కోకుండా చూడాలి. మన దేశపు స్త్రీలకు డాక్టర్లు పెట్టిన హద్దు 80 సెంటీమీటర్లు, టైలరు భాషలో ముప్పై ఒకటిన్నర అంగుళాలు. నెలకు ఒకసారి చూసి క్యాలెండరు మీద రాయండి చాలు. రోజూ చూసుకుంటే మనసు పాడవుతుంది. బరువు మిషనును మాత్రం కొన్నాళ్లు మంచం కిందకి తోసేయమంటాను.

ఇక తిండి సంగతి. మా పక్కింటి వదినది నల్గొండ వైపు. "నేనేం తింటున్న వదినా? రెండు ముద్దలు. గాలి పీల్చినా లావైతున్న" అని ఆమె ఎప్పుడూ అనే మాట. అబద్ధమాడే మనిషి కాదు. అందుకే ఒక రోజు మధ్యాహ్నం ఆమె తినే వేళకు వాళ్ల వంటింట్లో కూర్చున్నాను. రెండుంబావు అయింది. అందరూ తిని లేచారు. అన్నం గిన్నెలో అడుగున నాలుగు గరిటెలు ఉంది, అది మిగలకూడదు. పప్పు గిన్నెలో గోడలకు అంటుకున్నదే ఉంది, అందులోనే కొంచెం అన్నం వేసి కలిపింది. కోడికూర గిన్నెలో పులుసు, ఒక మెడ ముక్క. మనవడు వదిలేసిన అర ఇడ్లీ. ఆవకాయ, దాని మీద నూనె. పెరుగు అయిపోయింది కాబట్టి మజ్జిగ. నిలబడే తినేసింది, పది నిమిషాలు కూడా పట్టలేదు.

ఆ పూట ఆమె తక్కువేమీ తినలేదు, ఎక్కువా తినలేదు. ఇంటిల్లిపాదీ వదిలేసింది తిన్నది. పెళ్లిళ్లలో ఆఖరి పంక్తికి కూర్చున్నవాళ్లకు ఏం దొరుకుతుందో మనకు తెలుసు. అన్నం, సాంబారు ఎంతైనా ఉంటాయి, మంచి కూరలు నిండుకుంటాయి. మన ఇళ్లలో అమ్మలు ముప్పై ఏళ్లుగా ఆఖరి పంక్తిలోనే కూర్చుంటున్నారు. నలభై ఏళ్లలోపు ఒళ్లు ఆ లెక్కను ఎలాగో సర్దుకుపోతుంది. ఆ తర్వాత సర్దుకోదు. మెనోపాజ్ లావు గురించి నా మొత్తం వాదన ఇంతే: మనం ఎక్కువ తిని లావవడం కంటే చివర తిని లావవడమే ఎక్కువ.

తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ మనకు పరాయిది కాదు. 1918లో కూనూరులో పుట్టి, 1958లో హైదరాబాద్ వచ్చింది. వాళ్ల 2020 లెక్క ప్రకారం 55 కిలోల స్త్రీకి రోజుకు 46 గ్రాముల ప్రొటీన్ కావాలి. కూర్చుని చేసే పనులవాళ్లకు 1,660 కేలరీలు చాలు. వదిన రోజంతా తిన్నది నేను కాగితం మీద రాసి చూశాను. ఉదయం ఇడ్లీలు, మధ్యాహ్నం ఆ అన్నం, సాయంత్రం చాయ్ బిస్కెట్లు, రాత్రి మళ్లీ అన్నం, మజ్జిగ. ఎంత ఉదారంగా లెక్కేసినా ప్రొటీన్ ముప్పై దాటలేదు, అందులో సగం బియ్యంలోంచి వచ్చిందే. కేలరీలకు మాత్రం కొదవ లేదు. కండ పోతున్న వయసులో కండకు కావాల్సింది పెట్టకుండా, కొవ్వుకు కావాల్సింది పెడుతున్నామన్నమాట. ఇలాంటప్పుడు "రేపటి నుంచి రాత్రి అన్నం మానేస్తా" అని కడుపు మాడ్చుకుంటే కొవ్వుతోపాటు కండా పోతుంది. మోకాళ్లు మొరాయిస్తాయి, జుట్టు రాలుతుంది, మూడు వారాల తర్వాత ఒక రోజు బిర్యానీ దగ్గర ఒట్టు గట్టున పెట్టేస్తాం.

కనుక చేయాల్సింది మానేయడం కాదు, ముందు తీసిపెట్టుకోవడం. వంట దించగానే, ఎవరికీ వడ్డించకముందే, మూత ఉన్న ఒక స్టీలు గిన్నెలోకి మీ వంతు తీయండి. గట్టి పప్పు రెండు గరిటెలు, కూర ఒక కప్పు, కోడికూరైతే రెండు మంచి ముక్కలు, పెరుగు ఒక కప్పు. మీరు ఎప్పుడు తిన్నా ఆ గిన్నె మీదే. మొదటి వారం మీకే తప్పు చేస్తున్నట్టుంటుంది. మా అత్తగారి కాలంలో అయితే ఇది పెద్ద పంచాయితీ అయ్యేది. మా ఇంట్లో మా ఆయన "ఏంటి, నాకు లేదా" అని ఒకసారి అడిగాడు, ఉందని చూపించాక ఊరుకున్నాడు.

ప్రొటీన్ లెక్క సులువే. రెండు గుడ్లలో 13 గ్రాములు, రెండొందల గ్రాముల పెరుగులో 6, పిడికెడు పల్లీల్లో 7. పిడికెడంటే పిడికెడే, కబుర్లు చెప్పుకుంటూ డబ్బా ఖాళీ చేస్తే కాదు. పెసరపప్పులో వంద గ్రాములకు 24 గ్రాములు ఉంటుంది. పొద్దున రెండు ఇడ్లీలకు బదులు ఉప్మా లేని రెండు చిన్న పెసరట్లు వేసుకుంటే రోజు సగం గెలిచినట్టే. గుడ్డు తిననివాళ్లు శనగలు, పనీర్, మీల్‌మేకర్ చూసుకోవచ్చు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్ని అడగకుండా ప్రొటీన్ పెంచకూడదు.

అన్నం మీద నాకేం పగ లేదు. దాన్ని పళ్లెంలో ఆఖరికి పెట్టుకోండి, అంతే. ముందు కూర, పప్పు, ఆ తర్వాత అన్నం. అలా తింటే నాలుగు గరిటెలు తినే చోట రెండున్నరకే చేయి ఆగుతుంది. అన్నం మానేసి జొన్నరొట్టెకు మారామని మా కాలనీలో సగం మంది చెబుతారు. మంచిదే. కానీ వంద గ్రాముల బియ్యంలో 356 కేలరీలుంటే జొన్నల్లో 334, పెద్ద తేడా కాదు. రొట్టెలో పీచు ఎక్కువ, నమిలి తినాలి, కడుపు నిండినట్టు త్వరగా తెలుస్తుంది. దాని మేలంతా అక్కడే. రొట్టె కదా అని నాలుగు తింటే ఆ మేలు పోయినట్టే.

ఇక చక్కెర. రోజుకు మూడు చాయ్‌లు, చాయ్‌కి రెండు చెంచాల చక్కెర, అంటే ఆరు చెంచాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజు మొత్తానికి ఇంతకు మించకుంటే మంచిదన్న హద్దు అక్కడికే అయిపోయింది, బిస్కెట్లు ఇంకా లెక్కలోకి రాలేదు. చెంచాన్నర చేయండి, పదిహేను రోజుల తర్వాత ఒక చెంచా. నూనె అయితే ఒక్కటే కొలత: నలుగురున్న ఇంట్లో నెలకు ఐదు లీటర్ల డబ్బా అయిపోతుంటే మనిషికి రోజుకు నలభై మిల్లీలీటర్లు దాటుతున్నట్టు. మూడు లీటర్లకు దింపండి. గురువారం సాయిబాబా గుడికి వెళ్లి ఒక్కపొద్దు ఉండేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇదొక్కటే, రాత్రి ఆ ఒక్క పూటలో రెండు పూటల తిండి తినకుండా చూసుకోండి.

గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు ఉన్నన్నాళ్లు మామిడి సీజన్లో పెట్టెలు పెట్టెలు ఇంటికొచ్చేవి. ఆ మార్కెట్టు బాటసింగారం వెళ్లిపోయింది, ఆ జాగాలో టిమ్స్ ఆసుపత్రికి 2022 ఏప్రిల్లో శంకుస్థాపన చేశారు. పండ్లు పోయి ఆసుపత్రి వచ్చిందేమిటని మా ఆయన నవ్వుతాడు. మామిడిపండు తినండి, ఒకటి, అన్నం తిన్న వెంటనే కాకుండా సాయంత్రం.

ఇప్పుడు కండ సంగతి. దీని మీద కాస్త ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే మన వాళ్లలో నడిచేవాళ్లు చాలామంది కనిపిస్తారు, బరువులెత్తేవాళ్లు దాదాపు కనిపించరు. నడక గుండెకు, షుగరుకు మంచిది. పోతున్న కండను నిలబెట్టడానికి అదొక్కటే సరిపోదు. కండకు తన మీద బరువు పడితేనే తనతో పనుందని తెలుస్తుంది. వారానికి 150 నిమిషాల చురుకైన నడక, కనీసం రెండు రోజులు కండకు పని, ఇది 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన కొలత.

జిమ్ము అక్కర్లేదు, కుక్కరు చాలు. పప్పు కుక్కరు పొయ్యి మీద పెట్టాక నాలుగు విజిల్స్ వచ్చేదాకా మనం ఊరికే నిలబడతాం, లేదంటే ఫోను చూస్తాం. ఒక గట్టి కుర్చీ గోడకు ఆనించి పెట్టుకోండి. చేతులు గుండెల మీద కట్టుకుని, కుర్చీలో కూర్చుని లేవండి. కూర్చునేటప్పుడు ధబ్బున పడకూడదు, మూడు అంకెలు లెక్కపెడుతూ దిగాలి. ఆ దిగడంలోనే సగం పని ఉంది. మొదటి విజిల్‌కి ముందు ఎనిమిది సార్లు. తర్వాత వంటింటి గట్టు పట్టుకుని, కాళ్లు వెనక్కి జరిపి, ఒంటిని వాల్చి చేతులతో నెట్టడం ఎనిమిది సార్లు. మళ్లీ కుర్చీ. మళ్లీ గట్టు. నాకు మొదటి రోజు ఐదోసారికే తొడలు వణికాయి, గట్టు పట్టుకుని నిలబడిపోయాను. నాలుగు వారాలకు పన్నెండు సార్లు తేలికయ్యాయి, అప్పుడు రెండు చేతుల్లో లీటరు నీళ్ల సీసాలు పట్టుకున్నాను. తేలికైనప్పుడల్లా బరువు పెంచాలి, ఆ ఒక్క సూత్రం మరిచిపోకండి. మోకాళ్ల నొప్పులుంటే కుర్చీ మీద దిండు వేసి ఎత్తు పెంచుకోండి. దగ్గినా తుమ్మినా మూత్రం చుక్కలు పడేవాళ్లు, గర్భసంచి జారినట్టు అనిపించేవాళ్లు మాత్రం ముందు డాక్టరుకు చూపించుకుని బరువుల జోలికి వెళ్లాలి. మా తరంలో ఇది చాలామందికి ఉంది, ఎవరం బయటికి చెప్పం.

నడవడానికి చోటేది అంటారు. నిజమే. దిల్‌సుఖ్‌నగర్ నుంచి చైతన్యపురి దాకా మెట్రో పిల్లర్ల పక్కన నడవడం నడక కాదు. బండ్లను, చెప్పుల దుకాణాలను, కోచింగ్ వదిలిన పిల్లలను తప్పించుకోవడమే అవుతుంది. సరూర్‌నగర్ చెరువు పక్క పార్కు దగ్గరైతే పొద్దున్నే వెళ్లండి. లేదా లోపలి కాలనీ వీధులు, అదీ కాకపోతే మేడ మీద వడియాల పక్కనే తిరగండి. దానికి తోడు 2023 డిసెంబరు 9 నుంచి మన ఆడవాళ్లకు సిటీ బస్సు ఉచితమైంది. అంతకుముందు నడిచి వెళ్లే రైతుబజారుకు కూడా మా వదిన బస్సెక్కుతోంది. ఆమెకు నేను చెప్పిన బేరం ఇది: వెళ్లేటప్పుడు ఖాళీ సంచితో నడు, వచ్చేటప్పుడు నిండు సంచులతో బస్సెక్కు. ఒప్పుకుంది. రాత్రి అన్నం తిన్నాక పది నిమిషాలు వరండాలో అటూ ఇటూ తిరిగినా షుగరుకు మేలే.

రాత్రి మూడింటికి ఒంట్లోంచి ఆవిర్లు వచ్చి, జాకెట్టు తడిసి లేచి కూర్చునేవాళ్లకు ఈ మాటలన్నీ చిరాకు తెప్పిస్తాయని నాకు తెలుసు. నిద్ర లేకపోతే మర్నాడు ఆకలి పెరుగుతుంది, తీపి మీదకు మనసు పోతుంది, కుర్చీలోంచి లేవబుద్ధి కాదు. కాటన్ నైటీ, మంచం పక్కన నీళ్లు, నాలుగు తర్వాత చాయ్ బంద్, రాత్రి భోజనం సీరియల్ తర్వాత కాకుండా ముందు. ఇంత చేసినా లొంగకపోతే డాక్టర్ని అడగండి. ఆవిర్లకు మందులున్నాయి. హార్మోన్ గోలీలు ఎవరికి పడతాయో ఎవరికి పడవో వాళ్లు చూసి చెప్పాలి. అవి బరువు తగ్గించే గోలీలు మాత్రం కావు.

చిన్న వయసులో గర్భసంచి తీయించుకున్నవాళ్ల గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే మన రెండు రాష్ట్రాల్లో వాళ్లు చాలా ఎక్కువ. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్లలోపు స్త్రీలలో ఈ ఆపరేషన్ అయినవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతముంటే ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. అండాశయాలు కూడా తీసేసి ఉంటే మెనోపాజ్ ఆ రోజే వచ్చినట్టు. ఉంచినా కొందరికి కాస్త ముందే వస్తుంది. నెలసరి ఉండదు కాబట్టి ఎప్పుడు వచ్చిందో గుర్తు దొరకదు. మీ ఆపరేషన్ కాగితం వెతికి ఏం తీశారో, ఏం ఉంచారో చదివించుకోండి. నాకు తెలిసిన ఒకామెకు ముప్పై మూడో ఏట ఆపరేషనైంది, అండాశయాలు కూడా తీసేశారన్న సంగతి ఆమెకు పన్నెండేళ్ల తర్వాత తెలిసింది.

బరువును ఎక్స్‌ప్రెస్ రైలు వేగంతో తగ్గిస్తామనే పొడి డబ్బాలకు, చెమట పట్టించే బెల్టులకు మన రోడ్డు మీద ప్రతి వంద అడుగులకూ ఒక బోర్డు. బెల్టు కింద పోయేది నీరు, సాయంత్రం తాగే చెంబు నీళ్లతో తిరిగొస్తుంది. 2025 మార్చి నుంచి మన దేశంలో అమ్ముతున్న మౌంజారో లాంటి బరువు తగ్గించే సూదిమందులు వేరే సంగతి. వాటికి పని చేసే గుణం ఉంది, కానీ అవి డాక్టరు చేతి మందులు. వాటితో తగ్గే బరువులో కండ కూడా పోతుంది కనుక సూది వేయించుకున్నా కుర్చీ, పప్పు గిన్నె తప్పవు.

తెలంగాణ ప్రభుత్వం 2023 మార్చి 8న ఆరోగ్య మహిళ అనే పథకం పెట్టింది. మంగళవారాలు స్త్రీల కోసమే చూసే కేంద్రాలవి, మెనోపాజ్ సమస్యలు, బరువు రెండూ ఆ జాబితాలో ఉన్నాయి. మీ దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రిలోనో బస్తీ దవాఖానాలోనో ఆ రోజు ఎక్కడ చూస్తారో అడిగి వెళ్లండి. థైరాయిడ్, షుగరు, బీపీ, రక్తం శాతం చూపించుకోండి. లావుకు థైరాయిడ్ కారణమైతే కుక్కరు ముందు ఎన్ని గుంజీలు తీసినా అవొక్కటే చాలవు. నెలసరి ఆగి ఏడాది దాటాక మళ్లీ ఎర్రచుక్క కనబడితే ఇది చదవడం ఆపి ఆ వారమే వెళ్లండి. వెళ్లేటప్పుడు క్యాలెండరు మీద రాసుకున్న నడుం కొలతలు తీసుకెళ్లండి. నేను వెళ్లినప్పుడు అక్కడి డాక్టరమ్మ నా బరువు ఊసెత్తలేదు, ఆ కొలతలే వరసగా చదివింది.

నా కొలత ఏడాదిలో రెండు అంగుళాలకు కొంచెం తక్కువ తగ్గింది, బరువు కిలోన్నర. విప్పించిన రెండు వరసల్లో ఒకటి టైలరు మళ్లీ వేశాడు. రెండోది వేయనా అని అడిగితే వద్దన్నాను. ఆ జాకెట్లో చేతులు పైకెత్తి కుండీలకు నీళ్లు పోస్తుంటే హాయిగా ఉంది.